పొగరు కాదు, నడుము

2024 సెప్టెంబర్ 3, మంగళవారం రాత్రి. డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ అనే బేస్‌బాల్ స్టేడియం. తొమ్మిదో ఇన్నింగ్స్ నడుస్తోంది, అంటే ఆఖరిది. టెక్సాస్ రేంజర్స్ మీద న్యూయార్క్ యాంకీస్ ఒక్క పరుగు ముందుంది. మా వెనక వరసలో రెండు తెలుగు కుటుంబాలు కూర్చున్నాయి. వాళ్ళలో ఒక పెద్దాయన ఇండియా నుంచి కొడుకు దగ్గరికి వచ్చినట్టున్నారు, ఆట అర్థం చేసుకోవాలని ఓపిగ్గా ఒక్కొక్కటే అడుగుతున్నారు.

"పోయినేడు కప్పు కొట్టింది వీళ్ళేనా?"

"వీళ్ళే నాన్నా."

"మరి ఈ ఏడు ఇలా అయిపోయారేంట్రా?"

"గెలిచాక కళ్ళు నెత్తికెక్కాయి నాన్నా. అంతే."

ఆయన తలూపారు. ఇంక అడగడానికేం మిగల్లేదు. ఆ తర్వాత కాసేపటికి వయట్ లాంగ్‌ఫర్డ్ అనే 22 ఏళ్ళ కుర్రాడు, అతనికి అదే మొదటి సీజన్, పరుగు దారిలో మజిలీల్లాంటి మూడు బేసుల మీదా మనుషులుండగా బంతిని స్టాండ్స్‌లోకి కొట్టాడు. ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు. 4-3తో ఓడాల్సిన మ్యాచ్ 7-4తో గెలిచేశారు. మా చిన్నోడు సీటెక్కి గంతులేశాడు. వెనకనుంచి ఆ పెద్దాయన కూడా లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కానీ ఇంటికి వచ్చేదాకా ఆ "అంతే" నా చెవిలోనే ఉంది.

నేను ఫిజియోథెరపిస్టుని. విజయవాడలో చదివాను, ఇక్కడికొచ్చి పరీక్షలు రాసి, పన్నెండేళ్ళుగా ఇర్వింగ్ చుట్టుపక్కలే పని చేస్తున్నాను. రోజంతా నా చేతుల కింద నడుములు, మోకాళ్ళు, భుజాలు. అందుకే ఒక జట్టు గెలిచిన మర్నాటి ఏడు పడిపోతే "తలకెక్కింది", "కసి తగ్గింది", "పొగరు" అనే మాటలు వింటే నాకు కోపం వస్తుంది. అది సోమరి మాట. చూడాల్సిన చోట చూడకుండా తప్పించుకునే మాట. రేంజర్స్ 2024 సీజన్ గురించి ఇంత ఆలస్యంగానైనా రాయాలనుకున్నది అందుకే. ఇంకో కారణం కూడా ఉంది, అది చివర్లో చెప్తాను.

ఈ జట్టు సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త వెనక్కి. 1961లో వాషింగ్టన్‌లో పుట్టింది, 1972లో ఆర్లింగ్టన్‌కి వచ్చింది. 2023 దాకా ఒక్క వరల్డ్ సిరీస్, అంటే ఆ కప్పు ఫైనల్, కూడా గెలవలేదు. 2011 వరల్డ్ సిరీస్, సెయింట్ లూయిస్‌లో ఆరో మ్యాచ్, ఇంకొక్క స్ట్రైక్ పడితే, అంటే బ్యాటర్ ఇంకొక్క మంచి బంతిని కొట్టలేకపోతే, కప్పు వీళ్ళదే అన్న చోటికి ఒకసారి కాదు, రెండుసార్లు వచ్చి రెండుసార్లూ జారిపోయింది. ఆ రాత్రి గురించి చెప్పమంటే ఇక్కడి పాత అభిమానులు ఇప్పటికీ మొహం పక్కకి తిప్పుకుంటారు.

2023లో 90 మ్యాచ్‌లు గెలిచి, డివిజన్‌లో, అంటే తమ గుంపు జట్లలో, మొదటి స్థానం కూడా రాకుండా, వైల్డ్ కార్డ్ దారిలో ప్లేఆఫ్స్‌లోకి వచ్చారు. అక్కడినుంచి పరాయి ఊళ్ళలో ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచారు. పదకొండుకి పదకొండు! అంతకుముందు ఏడాది కప్పు కొట్టిన హ్యూస్టన్‌ని హ్యూస్టన్‌లోనే ఏడో మ్యాచ్‌లో ఓడించారు. నవంబర్ 1న ఫీనిక్స్‌లో అరిజోనా మీద 5-0తో గెలిచి కప్పు తెచ్చారు. అప్పటికి మా వాడికి పదేళ్ళు. రాత్రి పదిన్నర దాటినా పడుకోనంటే పడుకోనన్నాడు. మా ఆయనకి క్రికెట్ తప్ప ఇంకోటి పట్టదు, ఆయన కూడా సోఫాలో ముందుకి జరిగి కూర్చున్నారు.

మర్నాటి ఏడు 78 గెలుపులు, 84 ఓటములు. డివిజన్‌లో మూడో స్థానం. ప్లేఆఫ్స్ లేవు. 2023లో 881 పరుగులు చేసిన జట్టు 2024లో 700 కూడా దాటలేదు.

ఇక్కడ ఆగి చూద్దాం. ఆ ఆరు నెలల్లో ఏం జరిగింది?

నాలుగో మ్యాచ్, ఏప్రిల్ 1. థర్డ్ బేస్‌లో ఆడే జాష్ యుంగ్ బ్యాట్ తిప్పుతుండగా బంతి వచ్చి మణికట్టుకి తగిలింది. ఎముక విరిగింది. మళ్ళీ మైదానంలోకి వచ్చింది జులై ఆఖరుకి. మణికట్టు అతుక్కోవడం వేరు, ఆ మణికట్టుతో గంటకి 95 మైళ్ళ వేగంతో వచ్చే బంతిని కొట్టడం వేరు. ప్లాస్టర్ తీసిన రోజు పేషెంట్ చెయ్యి పట్టుకుని "నా వేలు నొక్కండి" అంటే ఎంత బలహీనంగా నొక్కుతారో నాకు తెలుసు. పెద్ద పెద్ద మనుషులు కూడా చంటిపిల్లల్లా నొక్కుతారు.

ఇవాన్ కార్టర్ సంగతి నన్ను ఇంకా బాధ పెట్టింది. 2023 సెప్టెంబర్‌లో జట్టులోకి వచ్చిన పిల్లాడు. ఆ ప్లేఆఫ్స్‌లో 17 మ్యాచ్‌లు ఆడి 9 డబుల్స్ (ఒక్క దెబ్బతో రెండో బేసు దాకా చేరే షాట్లు) కొట్టాడు. ఒక్క ప్లేఆఫ్స్‌లో అన్ని డబుల్స్ అంతకుముందు ఎవరూ కొట్టలేదు. మర్నాటి ఏడు అతని సగటు .188, అంటే పది ప్రయత్నాల్లో రెండు హిట్లు కూడా లేవు. పొగరెక్కిందని అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు కదా? ఇరవయ్యొక్కేళ్ళు, రాత్రికి రాత్రి పేరు, కప్పు, ఊరేగింపు. కానీ మే నెలాఖరులో నడుము నొప్పితో పక్కన కూర్చున్నాడు. నడుము ఎముకలో స్ట్రెస్ రియాక్షన్ అన్నారు. ఆ సీజన్‌లో మళ్ళీ ఆడలేదు. మొత్తం 45 మ్యాచ్‌లే.

స్ట్రెస్ రియాక్షన్ అంటే ఏంటో చెప్తాను. నడుముని ఒకే వైపు తిప్పుతూ, వెనక్కి వంచుతూ వేలసార్లు చేసే పనిలో వెన్నుపూస వెనక ఉండే సన్నటి ఎముక కొంచెం కొంచెంగా అలిసిపోతుంది. ఎముకకి తనని తాను బాగు చేసుకునే గుణం ఉంది. అరుగుదల దాన్ని మించిపోతే ఎముక లోపల వాపు వస్తుంది. ఇంకా పగులు రాలేదు, వచ్చే దారిలో ఉంది. మామూలు ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చు, ఎంఆర్ఐ తీస్తేనే తెలుస్తుంది. మన ఫాస్ట్ బౌలర్లకి వచ్చేది ఈ జాతి నొప్పే. బుమ్రాకి 2019లో నడుము ఎముకలో పగులు వచ్చింది, 2023లో నడుముకి ఆపరేషన్ అయింది. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళని ఒంటికాలి మీద నిలబెట్టి మెల్లగా వెనక్కి వంగమంటాను. ఎముకలో వాపున్నవాడు సగం వంగగానే ఆగిపోతాడు. ఊపిరి బిగపడతాడు, మొహంలో ఒక చిన్న ఆశ్చర్యం కనపడుతుంది, ఎందుకంటే అప్పటిదాకా అది కండరం పట్టేయడం అనుకుంటూ ఉంటాడు. అలాంటి నడుముతో వారాల తరబడి బ్యాట్ తిప్పి ఉంటే ఆ సగటు అలాగే ఉంటుంది. దానికి తలతో పని లేదు.

మిగతావాళ్ళని త్వరగా చెప్పేస్తాను. వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడు కోరీ సీగర్‌కి జనవరిలో హెర్నియా ఆపరేషన్ అయింది, సెప్టెంబర్‌లో ఇంకోసారి చేయించుకోవాల్సి వచ్చింది. మధ్యలో ఆ శరీరంతోనే 30 హోమ్ రన్లు (బంతిని స్టాండ్స్‌లోకి పంపే దెబ్బలు) కొట్టాడు, అది వేరే విషయం. బంతి విసిరే పిచ్చర్ మ్యాక్స్ షెర్జర్‌కి 2023 డిసెంబర్‌లో నడుము డిస్క్ ఆపరేషన్. మొదటిసారి బంతి పట్టింది జూన్ 23న, ఆ ఏడాది మొత్తం మీద మొదటి పిచ్చర్‌గా మొదలుపెట్టినవి 9 మ్యాచ్‌లు. ఇంకో పిచ్చర్ జేకబ్ డిగ్రామ్‌కి 2023 జూన్‌లో మోచేతి లిగమెంట్ ఆపరేషన్, తిరిగి వచ్చింది 2024 సెప్టెంబర్ 13న. మరో పిచ్చర్ నాథన్ ఇవోల్డీకి మేలో గజ్జల్లో కండరం పట్టేసింది. ఫస్ట్ బేస్‌లో ఆడే నాథనియల్ లో అనే ఆటగాడు సీజన్ మొదలయ్యేసరికే పక్క కండరం నొప్పితో బయట ఉన్నాడు.

ఇందులో పొగరు ఎక్కడుంది? మణికట్టు, నడుము, డిస్క్, మోచెయ్యి, గజ్జలు. నాకు కనపడేది ఇవే.

దురదృష్టం అందామంటే, యుంగ్ మణికట్టుకి తగిలిన బంతి నిజంగానే దురదృష్టం. అన్నీ అలా కావని నా నమ్మకం. గెలుపులోనే దీనికి విత్తనం ఉంది. బేస్‌బాల్ సీజన్ అంటే ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు, దాదాపు రోజూ ఆటే. ఐపీఎల్ లాగా రెండు నెలల వ్యవహారం కాదు. 2023లో మామూలు సీజన్ అక్టోబర్ 1న అయిపోయింది. ఓడిన జట్లవాళ్ళు ఆ రోజే ఇంటికి వెళ్ళి కాళ్ళు చాపుకున్నారు. రేంజర్స్ ఇంకో నెల, ఇంకో 17 మ్యాచ్‌లు, ఒక్కోటీ ప్రాణం పెట్టి ఆడారు. ఫిబ్రవరి మధ్యకల్లా అరిజోనాలోని సర్‌ప్రైజ్ అనే ఊళ్ళో మళ్ళీ శిక్షణ మొదలు. అరిగిన శరీరం కోలుకోవడానికి అందరికీ నాలుగున్నర నెలలుంటే, గెలిచినవాళ్ళకి మూడున్నర. ఆ మూడున్నరలోనే ఊరేగింపులు, సన్మానాలు, ఆపరేషన్లు.

మార్కస్ సెమియన్‌ని చూడండి. 2023లో 162 మ్యాచ్‌లకి 162 ఆడాడు, పైన ప్లేఆఫ్స్‌లో 17. మొత్తం 179. ఒక్కరోజు కూడా కూర్చోలేదు. మర్నాటి ఏడు కూడా 159 ఆడాడు, కానీ సగటు .276 నుంచి .237కి పడింది. ఒక్కరోజు సెలవు పెట్టని మనిషిని పట్టుకుని కసి తగ్గిందని ఎలా అంటాం? మన ఇళ్ళలో అమ్మలకి కూడా ఇదే జరుగుతుంది. పెళ్ళి పనులన్నీ నెత్తిన వేసుకుని చేసి, అందరూ వెళ్ళిపోయిన మర్నాడు జ్వరంతో పడిపోతారు. అప్పుడెవరూ అమ్మకి పొగరొచ్చిందనరు.

ఈ మాట పిచ్చర్ల విషయంలో ఇంకా నిజం. వాషింగ్టన్ నేషనల్స్‌కి ఆడిన స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ 2019లో మామూలు సీజన్‌లో 209 ఇన్నింగ్స్, ప్లేఆఫ్స్‌లో ఇంకో 36 ఇన్నింగ్స్ పైన బంతులు వేశాడు. వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడు అతనే. ఏడేళ్ళకి 24 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. ఆ తర్వాత అతను ఆడింది మొత్తం ఎనిమిదే మ్యాచ్‌లు. మెడకీ భుజానికీ మధ్య నరాలు నొక్కుకుపోయే జబ్బు, ఆపరేషన్లు, చివరికి 2024లో ఆట మానేశాడు. డబ్బు వచ్చాక ఆడటం మానేశాడని నోరు పారేసుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ జబ్బున్న మనిషి జుట్టు దువ్వుకోవడానికి చెయ్యెత్తి, సగంలో దించేసి, రెండో చేత్తో మోచెయ్యి పట్టుకోవడం నేను నా క్లినిక్‌లో చూశాను. అలా చూసినవాళ్ళెవరూ ఆ మాట అనలేరు.

రేంజర్స్‌ని నడిపించిన మేనేజర్ బ్రూస్ బోచీ కథ కూడా ఇక్కడ చెప్పాలి. అంతకుముందు శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో ఆయన 2010, 2012, 2014లో కప్పు కొట్టాడు. మరి 2011, 2013, 2015లో? మూడుసార్లూ ప్లేఆఫ్స్ గడప కూడా తొక్కలేదు. అదే మేనేజర్, చాలావరకు అవే మొహాలు. పొగరే కారణమైతే ఒక ఏడాది వచ్చి, ఇంకో ఏడాది పోయి, మళ్ళీ వచ్చే పొగరు ఎక్కడైనా ఉంటుందా?

2011లో ఏమైందో నాకు బాగా గుర్తు, అప్పటికి నాకు బేస్‌బాల్ తెలియకపోయినా ఆ వీడియోని తర్వాత పని కోసం చాలాసార్లు చూశాను. మే 25, పన్నెండో ఇన్నింగ్స్. జెయింట్స్ క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) బస్టర్ పోజీ, పరుగు పూర్తయ్యే చోటైన హోమ్ ప్లేట్ ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు, బంతి అందుకుని తిరగబోతున్నాడు. పరుగు కోసం వస్తున్న అవతలి జట్టు ఆటగాడు భుజంతో గుద్దాడు. పోజీ ఎడమ కాలు ఒంటి కిందే మడతపడిపోయింది. బోర్లా పడి, చేతులతో మట్టిని గీరుతూ ఉండిపోయాడు. కాలి ఎముక విరిగింది, చీలమండ లిగమెంట్లు తెగాయి. డిఫెండింగ్ చాంపియన్ల సీజన్‌కి నా లెక్కలో ఆ రోజే దెబ్బ పడింది. అయినా 86 మ్యాచ్‌లు గెలిచారు. మర్నాటి ఏడు అదే పోజీ బాగైన కాలితో వచ్చి లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు అయ్యాడు, జెయింట్స్ మళ్ళీ కప్పు కొట్టారు. క్యాచర్‌ని అలా గుద్దకూడదని 2014లో నిబంధన మార్చారు. చీలమండ బాగైతే కప్పు వచ్చింది. నా వాదనకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

డిఫెండింగ్ అనే మాట మీద కూడా నాకు పేచీ ఉంది. నిరుటి కప్పు ఎవరూ లాక్కోరు. అది అద్దాల బీరువాలో ఉంది, ఉంటుంది. కాపాడుకోవడానికేం లేదు. ఈ ఏడు అందరూ సున్నా నుంచే మొదలుపెడతారు. మన పిల్లలు అంతగా పాల్గొనే నేషనల్ స్పెల్లింగ్ బీలో అయితే గెలిచినవాళ్ళు మర్నాటి ఏడు పోటీకే రాకూడదు. ఆ నియమం మొదటిసారి విన్నప్పుడు అన్యాయం అనిపించింది. ఇప్పుడు ఆ పిల్లల్ని తలుచుకుంటే హాయిగా ఉంటుంది. ఒకసారి గెలిచారు, ఇంక దాన్ని ఎవరూ వాళ్ళ నెత్తిన బరువుగా పెట్టరు.

2024 శీతాకాలంలో నాన్నకి ఫోన్‌లో ఈ రేంజర్స్ గోలంతా చెప్పాను. నాన్నది తెనాలి, క్రికెట్ పిచ్చి. అంతా విని, "83 కప్పు తర్వాత మనోళ్ళనీ ఇలాగే తిట్టారమ్మా" అన్నారు. ఆ ఏడాదే వెస్టిండీస్ మన దేశానికి వచ్చింది. ఐదు వన్డేల్లో ఐదూ వాళ్ళే గెలిచారు, టెస్టులు 3-0. ఇక్కడ కూడా కళ్ళు నెత్తికెక్కాయనే మాటే. నాన్న అన్నారు, "అహ్మదాబాద్‌లో కపిల్ ఒక్క ఇన్నింగ్స్‌లో తొమ్మిది వికెట్లు తీశాడు తల్లీ. 83 పరుగులకి తొమ్మిది. అయినా ఆ టెస్టు ఓడిపోయాం. తొమ్మిది వికెట్లు తీసినోడికి పొగరంటావా?" తొమ్మిది వికెట్లతో కూడా ఓడిపోవచ్చు, ఎందుకంటే అవతల మార్షల్, హోల్డింగ్ ఉన్నారు. మనం ఓటమికి కారణం ఎప్పుడూ మనవాళ్ళ గుణంలోనే వెతుకుతాం. అవతలివాడు కూడా బాగా ఆడతాడనే సంగతి మర్చిపోతాం.

నా వాదనకి లొంగని సంగతులు కూడా ఉన్నాయి, దాచను. అడోలిస్ గార్సియా 2023లో 39 హోమ్ రన్లు కొట్టాడు, మర్నాటి ఏడు 25. సగటు .224. వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్‌లో పక్క కండరం పట్టేసి వైదొలిగాడు కానీ, అది ఏడాది పొడుగునా వేధించే గాయం కాదు. క్యాచర్ జోనా హైమ్ కూడా బాగా పడిపోయాడు. క్యాచర్ మోకాళ్ళ గురించి నేను ఎంతైనా మాట్లాడగలను. అయినా అతని విషయంలో అదే కారణమని చెప్తే అబద్ధం ఆడినట్టే. అవతలి జట్లు వాళ్ళ బలహీనతలు చదివేసి ఉండొచ్చు. డబ్బు సంగతీ ఉంది. స్థానికంగా మ్యాచ్‌లు చూపించే టీవీ కంపెనీ అప్పట్లో దివాలా కేసులో ఉంది, ఆ చలికాలం రేంజర్స్ చేతులు అంతకుముందులా విప్పలేదు. ప్లేఆఫ్స్‌లో బాగా ఆడిన పిచ్చర్ జోర్డన్ మాంట్‌గమరీ అరిజోనాకి వెళ్ళిపోయాడు. అక్కడ అతనికీ 2024 చాలా చెడ్డగా గడిచింది.

హ్యూస్టన్ మాటేంటి అని మా ఆయన అడిగారు. 2017 నుంచి 2023 దాకా ఏడేళ్ళు వరసగా లీగ్ ఫైనల్ (వరల్డ్ సిరీస్‌కి ముందు మెట్టు) దాకా వచ్చిన జట్టు అది. వాళ్ళకి శరీరాలు లేవా? ఉన్నాయి. కొత్త పిచ్చర్లని వరసగా తయారు చేసుకుంటూ పోవడం వల్లే అది సాధ్యమైందని నా అభిప్రాయం. అయినా వాళ్ళు కూడా రెండేళ్ళు వరసగా కప్పు కొట్టలేకపోయారు.

కొట్టినవాళ్ళున్నారు. యాంకీస్ 1998, 99, 2000లో వరసగా మూడు కొట్టాక పాతికేళ్ళ పాటు ఎవరి వల్లా కాలేదు. 2025లో లాస్ ఏంజలస్ డాడ్జర్స్ కొట్టారు. ఆ సీజన్ చూశాక నా నమ్మకం ఇంకా గట్టిపడింది. ముందు ఏడు 98 గెలిచినవాళ్ళు ఆ ఏడు 93 మాత్రమే గెలిచారు. జులైలో వరసగా ఏడు ఓడిపోయారు. పిచ్చర్ బ్లేక్ స్నెల్ భుజం నొప్పితో నాలుగు నెలలు లేడు. ఇంకో పిచ్చర్ టైలర్ గ్లాస్నో కూడా చాలాకాలం బయటే. బంతి వేయడం, బ్యాట్ పట్టడం రెండూ చేసే షోహెయ్ ఒహ్‌తానీ మోచేతి ఆపరేషన్ తర్వాత పిచ్చింగ్‌కి తిరిగి వచ్చింది జూన్ 16న, అది కూడా ఒకే ఒక్క ఇన్నింగ్స్. తర్వాత నిదానంగా, కొలిచి పెంచుకుంటూ పోయారు. వేరే జట్టయితే గెలుపుల కోసం వాళ్ళని ముందే తోసేసేది. వీళ్ళకి పక్కన ఇంకా మనుషులున్నారు, ఆగగలిగారు. డాడ్జర్స్ డబ్బుతో కప్పు కొన్నారని అందరూ అంటారు. నన్నడిగితే వాళ్ళు డబ్బుతో కొనుక్కున్నది విశ్రాంతి. అక్టోబర్‌కి నలుగురు ముఖ్య పిచ్చర్లూ ఒళ్ళు బాగుండి వచ్చారు. అక్టోబర్ 17న మిల్వాకీ మీద ఒహ్‌తానీ పదిమందిని స్ట్రైక్ అవుట్ చేసి, అదే మ్యాచ్‌లో మూడు హోమ్ రన్లు కొట్టాడు.

అంత చేసినా చివరికి ఎంతలో గెలిచారు? టొరంటోలో వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్, స్కోరు సమం. డాడ్జర్స్ ఆటగాడు మిగెల్ రోహాస్ బంతి అందుకుని హోమ్ ప్లేట్‌కి విసిరాడు. క్యాచర్ విల్ స్మిత్ పాదం ప్లేట్ మీద నుంచి లేచి, రన్నర్ రావడానికి రెప్పపాటు ముందు మళ్ళీ ఆనింది. ఆ పాదం కాస్త ఆలస్యమైతే కప్పు టొరంటోది. అప్పుడు ఈ డాడ్జర్స్‌కే పొగరనేవాళ్ళం. డాడ్జర్స్ పిచ్చర్ యొషినొబు యామమొటో ముందురోజు 96 బంతులు వేసి, ఆ రాత్రి మళ్ళీ 34 వేశాడు. అందరూ కేకలు పెడుతుంటే నేను నా కుడి భుజం పట్టుకుని కూర్చున్నాను.

అవతలి వైపు టొరంటో తరఫున ఆ ఏడో మ్యాచ్ మొదలుపెట్టింది ఎవరో తెలుసా? మ్యాక్స్ షెర్జర్. 41 ఏళ్ళు. రేంజర్స్‌లో ఉండగా డిస్క్ ఆపరేషన్ అయిన ఆ నడుముతోనే. ఐదో ఇన్నింగ్స్ దాకా ఒక్క పరుగే ఇచ్చాడు. 2024లో అతన్ని ముసలాడైపోయాడన్నారు.

ఇప్పుడు రెండో కారణం.

మా చిన్నోడికి పన్నెండేళ్ళు. 2025 వేసవికి ముందు వాడి జట్టు మా ఏరియా పిల్లల లీగ్‌లో గెలిచింది. వాడే పిచ్చర్. అరచెయ్యంత ట్రోఫీ. దాన్ని రెండు వారాలు మంచం పక్కనే పెట్టుకుని పడుకున్నాడు. సెప్టెంబర్‌లో కొత్త సీజన్ మొదలైంది. వాడి బంతులు అటూ ఇటూ పోతున్నాయి. వేగం లేదు. మూడు మ్యాచ్‌లు వరసగా ఓడిపోయారు. కార్లో మొహం ముడుచుకుని కూర్చునేవాడు. ప్రాక్టీస్‌కి వెళ్ళమంటే ఏదో సాకు. పార్కింగ్‌లో ఒక తెలుగు అన్నయ్య, మంచివాడే, వాళ్ళబ్బాయి కూడా అదే జట్టు, నవ్వుతూ అన్నాడు, "గెలిచాక మనోడికి కొంచెం ఎక్కింది చెల్లెమ్మా."

ఆ రాత్రి ఇంట్లో నేను కూడా అన్నాను. "గెలిచాక నీకు శ్రద్ధ తగ్గిపోయింది. కష్టపడటం మానేశావు." గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌లో ఆ మాట విని ఏడాది పాటు కోపం మోసినదాన్ని, నా కొడుకుని అదే మాట అన్నాను.

వాడు ఏమీ అనలేదు. పళ్ళు తోముకోవడానికి వెళ్ళాడు. తలుపు సగం తెరిచి ఉంది. ఎడమ చేత్తో తోముకుంటున్నాడు. మావాడిది కుడిచేతి వాటం.

వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. మోచెయ్యి లోపలివైపు ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కగానే చెయ్యి లాక్కున్నాడు. పూర్తిగా చాపమంటే చాపలేకపోయాడు. పెరిగే పిల్లల్లో ఎముక చివర ఇంకా గట్టిపడని మెత్తటి భాగం ఉంటుంది, ఎముక పెరిగేది అక్కడే. ఎక్కువగా విసిరితే కండరం దాన్ని లాగి లాగి వాచిపోయేలా చేస్తుంది. ఈ విషయం మీద నేను వేరే పిల్లల తల్లిదండ్రులకి కాగితాలు ప్రింటు తీసి ఇస్తుంటాను. వాడి వయసు పిల్లలు రోజుకి 85 బంతులు మించి వెయ్యకూడదని, 66 గానీ ఆపైన గానీ వేస్తే నాలుగు రోజులు ఆగాలని లిటిల్ లీగ్ నియమం. మా లీగ్‌లో లెక్క సరిగ్గానే రాశారు. కానీ గెలిచాక వాడిని వారాంతాల్లో ఆడే ఇంకో జట్టు కూడా పిలిచింది. అక్కడా లెక్క సరిగ్గానే రాశారు. రెండు లెక్కలూ కలిపి చూడాల్సింది నేను. చూడలేదు.

"ఎప్పటినుంచిరా?" అని అడిగాను.

"ఆగస్టు నుంచి. చెప్తే ఆడనివ్వవు కదా అమ్మా."

ఆ రాత్రి వాడి మంచం పక్కన కూర్చుని సారీ చెప్పాను. మర్నాడు డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. మూడు నెలలు బంతి ముట్టుకోవద్దన్నారు. పార్కింగ్‌లో ఆ మాటన్న అన్నయ్యకి ఫోన్ చేసి విషయం చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ళబ్బాయి మోచెయ్యి కూడా ఒకసారి చూస్తావా చెల్లెమ్మా అన్నాడు.

ఆ మూడు నెలల్లోనే డాడ్జర్స్ గెలిచారు. ఏడో మ్యాచ్ ఇద్దరం కలిసి చూశాం, వాడి మోచేతి మీద ఐస్ పెట్టి. ఆ సీజన్‌లోనే డిగ్రామ్, మోచేతికి రెండుసార్లు ఆపరేషన్ అయిన మనిషి, రేంజర్స్‌కి 30 మ్యాచ్‌లు మొదలుపెట్టాడని వాడే నాకు చెప్పాడు. లెక్కలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు.

ఇప్పుడు మెల్లగా మొదలుపెట్టాం. ఇంటి ముందు డ్రైవ్‌వేలో 45 అడుగులు కొలిచి సుద్దతో గీత గీశాను. నిన్న సాయంత్రం 25 బంతులు, మెత్తగా, నా చేతుల్లోకి. పది నిమిషాలు విశ్రాంతి. మళ్ళీ 25 వెయ్యాలి. ఇరవై మూడో బంతి దగ్గర ఆగి, "ఇక్కడ కొంచెం లాగుతోంది అమ్మా" అని వాడంతట వాడే చెప్పాడు. అక్కడితో ఆపేసి లోపలికి వచ్చాం.